పుస్తకం ఉంది, జాడ లేదు

2023 అక్టోబర్ 28, శనివారం. ఆ ఒక్కరోజే రెండు పెద్ద గ్రంథాలయాల కంప్యూటర్లు సైబర్ దాడికి మూలపడ్డాయి. ఒకటి నగరమంతా నూరు శాఖలున్న టొరంటో పబ్లిక్ లైబ్రరీ. రెండోది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ. అడిగిన డబ్బు రెండూ కట్టలేదు. సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేచి కూర్చునే ఉద్యోగం నాది. అందుకే నాకు దొంగల సంగతి కన్నా, ఆ తర్వాత కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళు ఏం చేశారన్నదే ఆసక్తి.

టొరంటోలో శాఖలు మూయలేదు. కానీ వెబ్‌సైటు లేదు, జనం వాడుకునే కంప్యూటర్లు లేవు, ప్రింటర్లు లేవు. ఇంట్లో కంప్యూటర్ లేక లైబ్రరీకొచ్చి ఉద్యోగాలకి అప్లై చేసుకునే మనిషికి ఇది చిన్న కష్టం కాదు. పుస్తకాలు మాత్రం సిబ్బంది చేత్తో నమోదు చేసుకుని ఇస్తూనే ఉన్నారు. చిక్కల్లా తిరిగొచ్చిన వాటితోనే. వచ్చినట్టు సిస్టమ్‌లో ఎక్కించకుండా అలమారలో పెట్టేస్తే, అది రేపు లేచాక కూడా ఆ పుస్తకం పాఠకుడి ఇంట్లోనే ఉందనుకుంటుంది. అందుకని వాటిని లారీ ట్రైలర్లలో దాచారు. దాదాపు పది లక్షలు పోగయ్యాయి. అన్నీ ఊళ్ళోనే, భద్రంగానే ఉన్నాయి. అయినా చదవడానికి ఎవరికీ అందవు. 2024 ఫిబ్రవరి నుంచి గానీ అవి అలమారలకి తిరిగి చేరడం మొదలవలేదు.

లండన్‌లోనూ ఇదే తంతు. రీడింగ్ రూములు తెరిచే ఉన్నాయి, వెతుక్కోవడానికి ఆన్‌లైన్ కేటలాగు లేదు. యార్క్‌షైర్‌లోని బోస్టన్ స్పాలో ఉన్న పుస్తకాలు తెప్పించుకునే దారీ లేదు. 2024 జనవరి 15న కేటలాగు తిరిగొచ్చింది, అదీ వెతుక్కోవడానికి మాత్రమే. మార్చిలో లైబ్రరీ తన తప్పులు తానే రాసి ఒక నివేదిక బయటపెట్టింది. దొంగలు చొరబడిన సర్వర్‌కి పాస్‌వర్డ్ తర్వాత రెండో తనిఖీ లేదని ఒప్పుకుంది. నన్ను ఆపేసిన విషయం ఇంకోటుంది. డిజిటల్ సేకరణల కాపీలన్నీ భద్రంగానే ఉన్నాయట. వాటిని తిరిగి నిలబెట్టడానికి పనికొచ్చే యంత్రాంగమే లేదు. బ్యాకప్ ఉందా అని మేం రోజూ అడుగుతాం. దాన్ని ఎక్కడ పెట్టి నడుపుతావని ఎంతమంది అడుగుతాం?

అక్కడ మన తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీగా ఉన్నప్పుడు, 1912లో, ఎల్.డి. బార్నెట్ అక్కడి తెలుగు పుస్తకాలకి ఒక కేటలాగు అచ్చువేశాడు. ఆ తర్వాత చేరినవి అందులో ఉండవు, నిజమే. కానీ సర్వర్ పడిపోయిన రోజున కూడా అందులోని పేజీలు తిరగేయొచ్చు.

చిన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ గారు పొడుగాటి రిజిస్టర్లో నంబరు రాసుకుని సంతకం పెట్టించుకునేవారు. నాకది నత్తనడకలా అనిపించేది. గ్రంథాలయమంటే పుస్తకాలనే అప్పటి నా లెక్క. ఏ పుస్తకం ఎక్కడుందో తెలియడం కూడా గ్రంథాలయమేనని ఆ ట్రైలర్ల గురించి చదివాకే అర్థమైంది.

పోయినేడాది మా టీములో, సిస్టమ్ పడిపోతే చేత్తో పని నడిపించే పాత పద్ధతిని ఇక తీసేద్దామని గట్టిగా వాదించింది నేనే. అందరూ సరేనన్నారు. ఆ సూచనల కాగితం ఎవరి దగ్గరైనా మిగిలిందేమోనని ఇప్పుడు వెతుకుతున్నాను.