తాలీమ్ హక్కు, కానూన్ తరాజూ

తాలీమ్ ఖైరాత్ కాదు, హక్కు అనేవారు మా ఉర్దూ మీడియం బడి ఉస్తాద్. ఆ మాట కాగితం మీద ఎక్కడుందో పెద్దయ్యాక తెలిసింది. పైచదువు ఖాబిలియత్‌ను బట్టి అందరికీ సమానంగా అందాలని 1966 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 13వ అధికరణం చెబుతుంది.

2011లో ఆస్ట్రేలియా ఒక కానూన్ చేసుకుంది. ప్రతి బిల్లూ ఇలాంటి ఏడు ఒడంబడికలకు సరిపోతుందో లేదో చెప్పే ప్రకటనతో పార్లమెంటుకు రావాలి. ఉభయసభల కమిటీ దాన్ని తూచి చూస్తుంది. 2024లో విదేశీ విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టబోయిన బిల్లుకూ అదే రివాజు. అప్పుడు మా ఖాలా నగలు కుదువపెట్టి, కొడుకు మెల్‌బోర్న్ అడ్మిషన్ కోసం దువా చేస్తోంది.

బిల్లు చట్టం కాలేదు. ఆపింది మాత్రం తరాజూ కాదు, ప్రతిపక్షాల సియాసత్. కమిటీ మాట పార్లమెంటు వినితీరాలని లేదు. మరి ఫాయిదా? సర్కారు హక్కు పేరెత్తి జవాబు రాసివ్వాలి. మన దగ్గర ఆ కాగితం అడిగే కానూనే లేదు.