పెద్దల సభలో గంటల లెక్క

రాజ్యసభ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఓటింగుల దగ్గరే ఆగిపోతారు. 1970 సెప్టెంబరు 5న రాజభరణాల రద్దు కోసం తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లు ఇక్కడే వీగిపోయింది. అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు పడ్డాయి. మూడింట రెండు వంతుల లెక్కకు తక్కువైంది ఒక ఓటు కూడా కాదు, ఓటులో మూడో వంతు. 1989 అక్టోబరులో పంచాయతీల, పురపాలికల సవరణ బిల్లులకూ ఇదే గతి పట్టింది. రెండు సభలకూ పొత్తు కుదరక ఉమ్మడిగా కూర్చోవలసి వచ్చింది ఇప్పటికి మూడుసార్లే: 1961లో వరకట్న నిషేధం మీద, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు మీద, 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా మీద. కథ చెప్పడానికి ఇవి బాగానే ఉంటాయి. కానీ వేల రోజులు కూర్చున్న సభను ఈ నాలుగైదు రోజులతో అంచనా వేయడమేమిటి? ప్రభుత్వాన్ని దించే అధికారాన్ని రాజ్యాంగం ఈ సభకు ఇవ్వలేదు. మంత్రిమండలి లోక్‌సభకే బాధ్యత వహించాలని 75వ అధికరణ తేల్చేసింది. ఖజానా తాళం కూడా దీని చేతిలో లేదు. ద్రవ్య బిల్లును పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపకపోతే అది ఆమోదం పొందినట్టే. ఇక మిగిలింది సభాసమయం. ఏ గంటకు ఎవరు అడగాలి, ఎవరు జవాబివ్వాలి, ఏ కాగితం సభ ముందుకు రావాలి అన్న రోజువారీ ఏర్పాటులోనే ఈ సభకున్న అసలు పట్టు ఉందని నా వాదన. దాని చరిత్రలోని పెద్ద తగాదాలు చాలావరకు ఈ గంటల కోసమే జరిగాయి.

ఈ పట్టు ఓటు హక్కు కంటే ముందు పుట్టింది. 1861 చట్టం కింద ఏర్పడిన శాసనమండలిలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కే లేదు. 1892 చట్టం ఆ హక్కు ఇచ్చింది గానీ, జవాబు విని కూర్చోవడమే; దాని మీద చర్చ లేదు. 1893లో భింగా రాజా వేసిన తొలి ప్రశ్న ఏమిటో తెలుసా? క్యాంపుకు వచ్చిన అధికారులకు సరుకులు సమకూర్చలేక ఊరి దుకాణదారులు పడుతున్న అవస్థ గురించి! ఒక జమీందారు నోట, అదీ రాజప్రతినిధి కొలువులో, చిల్లర వర్తకుల గోడు రికార్డుకెక్కింది. 1909 సంస్కరణలు అనుబంధ ప్రశ్నకు చోటిచ్చాయి, అదీ మొదట అడిగిన సభ్యుడికే. 1919 సంస్కరణలతో ఏ సభ్యుడైనా అనుబంధ ప్రశ్న వేయవచ్చని వచ్చింది. ఆ చట్టమే కౌన్సిల్ ఆఫ్ స్టేట్ పేరుతో కేంద్రంలో ఎగువ సభను పెట్టింది. 1921లో మొదలైన ఆ సభలో సభ్యులు అరవై మంది. ఓటర్లు సంపన్నులు, బిరుదాంకితులు. సభ కాదన్న బిల్లును కూడా వైస్రాయి తన ముద్రతో చట్టం చేసుకోగలడు. అయినా వి. రామదాస్ పంతులు వంటి కాంగ్రెస్ వాదులు అక్కడ కూర్చోవడానికి సిద్ధపడ్డారు. ఓట్లతో గెలవలేని చోట అడగడమైనా కుదురుతుందన్న లెక్క అందులో లేదనలేం.

1947 జులైలో రాజ్యాంగ సభలో ఎగువ సభ అవసరమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఇది సామ్రాజ్యవాదం మిగిల్చిన సరుకు అని కొందరు తోసిపుచ్చారు. ఆవేశంలో వచ్చే శాసనాలను కాస్త నిలిపి చూసే సభగా, హుందాగా చర్చించే సభగా గోపాలస్వామి అయ్యంగార్ దాన్ని సమర్థించారు. 1952 మే 13న సభ తొలిసారి కూర్చున్నప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షపీఠంలో ఉన్నారు. సభ్యులు 216 మంది. మొదటి ఏడాదిలోనే గొడవ మొదలైంది. ఆదాయపన్ను సవరణ బిల్లును ద్రవ్య బిల్లుగా స్పీకర్ ధ్రువీకరించడంపై న్యాయమంత్రి సి.సి. బిశ్వాస్ రాజ్యసభలో చేసిన వ్యాఖ్యలు 1953 ఏప్రిల్‌లో లోక్‌సభకు ఆగ్రహం తెప్పించాయి. ఆయనను అక్కడికి పిలిపించాలని వాళ్లు, వెళ్లకూడదని వీళ్లు. చివరికి నెహ్రూ కలగజేసుకుని, ఆర్థిక విషయాల్లో తప్ప రెండు సభలూ సమానమేనని చెప్పి చల్లబరిచారు. దాని వెంటే ప్రజాపద్దుల కమిటీ మీద ఇంకో పంచాయితీ. లెక్కలు తమ సొత్తని లోక్‌సభ పట్టుబట్టినా, 1954-55 నుంచి ఆ కమిటీలో ఏడుగురు రాజ్యసభ సభ్యులకు చోటు దక్కింది. బడ్జెట్‌ను ఆపలేని సభ, ఖర్చైన డబ్బు లెక్కను ప్రశ్నించే హక్కు మాత్రం సంపాదించుకుంది.

ఇక సభ దినచర్య. ఆనాటి కార్యక్రమ జాబితా సెక్రటరీ జనరల్ పేరుతో వస్తుంది. 1993 నుంచి 1997 వరకు ఆ కుర్చీలో ఉన్నది వి.ఎస్. రమాదేవి అనే తెలుగావిడ. పదకొండింటికి సభ మొదలవగానే మంత్రులు లేచి పత్రాలు సభ ముందు పెడతారు: ప్రభుత్వ సంస్థల వార్షిక నివేదికలు, గెజిట్ ప్రకటనలు, కాగ్ నివేదికలు. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు ఇంతకంటే విసుగు పుట్టించేది ఉండదు. అయితే సభ ముందుకు వచ్చిన కాగితాన్ని దాచలేరు. ఆ క్షణం నుంచి అది ఎవరైనా ఎత్తి చూపగల రుజువు. ప్రశ్నల సంగతి ఇంకా సూక్ష్మం. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి. ఏ శాఖ ఏ రోజు జవాబివ్వాలో ముందే ఖరారై ఉంటుంది. రోజుకు నక్షత్రం గుర్తు ప్రశ్నలు 15, గుర్తు లేనివి 160. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద జవాబు వస్తుంది, అంతటితో సరి. నక్షత్రం పడిన ప్రశ్నకూ రాతపూర్వక జవాబు ముందే వచ్చి ఉంటుంది గనక మంత్రి దాన్ని చదివే పని లేదు. అసలు పరీక్ష అనుబంధ ప్రశ్నే, అది ఏమై ఉంటుందో మంత్రికి తెలియదు. అందుకే శాఖలో అధికారులు దొరికే ప్రతి సందును ఊహించి ఫైలు తయారు చేస్తారు, ఆ రోజు అధికారుల గ్యాలరీలో కూర్చుని అవసరమైతే చీటీలు పంపుతారు. మూడు నిమిషాల ప్రశ్న కోసం ఒక మంత్రిత్వ శాఖ తన పనిని తాను తిరగేసి చూసుకోవలసి రావడమే ఈ ఏర్పాటు ప్రయోజనం. జవాబు ఎంత బాగా వచ్చిందన్నది రెండో సంగతి.

ఇదంతా కాగితం మీద బాగుంది, ఆ గంట అల్లరికే పోతోంది కదా అనేవాళ్లున్నారు. కాదనలేం. పదకొండింటికి ప్రశ్నోత్తరాలు మొదలవడం, నినాదాలతో సభ్యులు పోడియం ముందుకు రావడం, సభ వాయిదా పడడం ఏళ్ల తరబడి ఆనవాయితీ అయింది. 2011లో ప్రశ్నోత్తరాలను మధ్యాహ్నం రెండింటికి మార్చి చూశారు, నిలవలేదు. 2014 శీతాకాల సమావేశాల నుంచి ఛైర్మన్ హమీద్ అన్సారీ, సభ్యులు అత్యవసర అంశాలు లేవనెత్తే జీరో అవర్‌ను పదకొండింటికి తెచ్చి, ప్రశ్నోత్తరాలను పన్నెండింటికి జరిపారు. నియమావళిలో ఎక్కడా లేకుండా అలవాటుగా పుట్టిన జీరో అవర్‌లో ఆవేశం తీరితే, తర్వాతి గంట దక్కుతుందని ఆశ. అల్లరి కూడా గడియారం చూసుకుని పన్నెండింటికి చేరింది. కానీ ఈ విఫల ప్రయత్నాలే నా వాదనకు సాక్ష్యం. ఎందుకూ కొరగాని గంట కోసం ఎవరూ ఇన్నిసార్లు వేళలు మార్చరు. నిరసన తెలిపేవాళ్లు కూడా సభలో ఏది విలువైనదో చూసుకునే దాన్ని అడ్డుకుంటారు.

లోక్‌సభలోనూ ఇవన్నీ ఉండగా రెండోసారి ఎందుకన్నది ఇంకో ఆక్షేపణ. లోక్‌సభ రద్దవుతుంది, ఇది కాదు. దిగువ సభ లేని వేళ 1977లోనూ 1991లోనూ రాష్ట్రపతి పాలనకు ఆమోదం కోసం ఈ ఒక్క సభే కూర్చుంది. పైగా పార్టీల బలాబలాలు ఇక్కడ వేరు కావడంతో అక్కడ మొలకెత్తనిది ఇక్కడ మొలకెత్తే వీలుంది. శుక్రవారం మధ్యాహ్నం సభ్యుల సొంత బిల్లులకు కేటాయించిన వేళను చాలామంది ఊళ్లకు వెళ్లే విమానాల వేళగా వాడుకుంటారు. అటువంటి ఒక శుక్రవారం, 2015 ఏప్రిల్ 24న, తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును సభ ఆమోదించింది. ప్రైవేటు సభ్యుడి బిల్లును ఒక సభ ఆమోదించడం కొన్ని దశాబ్దాల తర్వాత అదే మొదలు. అది లోక్‌సభ దాటలేదు. ప్రభుత్వమే వేరే బిల్లు తెచ్చి 2019లో చట్టం చేయవలసి వచ్చింది. రెండింటి మధ్య తేడాల మీద ఫిర్యాదులున్నా, విషయం కదిలింది మాత్రం ఆ శుక్రవారం నుంచే.

తెలుగువాళ్లు వేయదగిన ఆక్షేపణ మాత్రం గట్టిది. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు చర్చలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నది ఈ సభలోనే. ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. 2016 సెప్టెంబరులో తర్వాతి ప్రభుత్వం హోదా బదులు ప్యాకేజీ అంది. సభలో పలికిన మాటకు విలువేమిటి మరి? మంత్రులిచ్చిన హామీలను వెంటాడడానికి 1972లో రాజ్యసభ ఒక కమిటీని ఏర్పరచుకుంది. చేస్తాం, పరిశీలిస్తాం అన్న ప్రతి మాటనూ పట్టికలో రాసుకుని, గడువు దాటితే శాఖను పిలిచి అడగడం దాని పని. కానీ కమిటీ అడగగలదు గానీ డబ్బు విడుదల చేయించలేదు. ఈ సభ హద్దు సరిగ్గా అక్కడే ఉంది: మాటను రాబట్టగలదు, నెరవేర్పించలేదు. అయితే ఆ మాట రికార్డులో లేకుంటే, 2018 జులైలో లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం దాకా సాగిన వాదానికి ఆధారం అంత బలంగా ఉండేది కాదు. ఇది ఓదార్పుగా చెబుతున్నది కాదు. బిల్లులో రాయించకుండా ప్రకటనతో సరిపెట్టుకోవడం వల్ల వచ్చే నష్టమూ ఇందులోనే కనిపిస్తోంది.

ఇబ్బంది వచ్చినప్పుడు ప్రభుత్వాలు ముందుగా పక్కన పెట్టింది ఏమిటో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 1962లో చైనా యుద్ధం నాడు ప్రశ్నోత్తరాలు లేవు. అప్పుడు అందరూ ఒప్పుకున్నారు. ఎమర్జెన్సీ విధించాక 1975 జులైలో ఉభయసభలు సమావేశమైనప్పుడు ప్రభుత్వ కార్యక్రమం తప్ప మరేదీ చేపట్టరాదని తీర్మానించారు. ప్రశ్నలు, సావధాన తీర్మానాలు, సభ్యుల సొంత బిల్లులు అన్నీ పోయాయి, బిల్లుల ఆమోదం మాత్రం ఆగలేదు. 2020 సెప్టెంబరులో కొవిడ్ కారణం చూపి ప్రశ్నోత్తరాలను, ప్రైవేటు బిల్లులను మళ్లీ తీసేశారు. జీరో అవర్ అరగంటకు కుదించుకుపోయింది. రాతపూర్వక జవాబులు వస్తూనే ఉన్నాయి కదా అని ప్రభుత్వం అంది. అది నిజమే. రానిది అనుబంధ ప్రశ్న, అంటే మంత్రి సిద్ధం చేసుకోని ప్రశ్న. అదే సమావేశాల్లో సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లుల మీద ఓట్లు లెక్కించాలని ప్రతిపక్షం పట్టుబట్టినా, గందరగోళం మధ్య మూజువాణి ఓటుతోనే అవి ఆమోదం పొందాయి. ఆ ఏడాది శీతాకాల సమావేశాలు జరగనే లేదు. ప్రశ్నోత్తరాల గంట తిరిగి వచ్చింది 2021 బడ్జెట్ సమావేశాల్లోనే.