టెలిస్కోప్ ఐపీస్: ఎక్కువ డబ్బు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

సెలవుల సేల్స్‌లో మనవాళ్ల ఇళ్లకు ఈమధ్య టెలిస్కోపులు బాగానే వస్తున్నాయి. వాటిలో తరచుగా కనిపించేది 8 అంగుళాల డాబ్సోనియన్. దాంతోపాటు ఒకటో రెండో మామూలు ఐపీసులు ఇస్తారు. నాలుగు నెలలు చూశాక "శని ఇంకా బాగా కనబడాలంటే ఏం కొనాలి?" అని పిల్లలు మొదలుపెడతారు. వెతికితే నలభై డాలర్ల ఐపీస్ పక్కనే నాలుగు వందలదీ, అంతకు మించినదీ కనిపిస్తాయి. అన్నిటి మీదా 10 మి.మీ. అనే రాసి ఉంటుంది.

ఇంట్లోనూ, మా ఊరి ఆస్ట్రానమీ క్లబ్బు వాళ్లు గుమిగూడే రాత్రుల్లోనూ వీటిని ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూశాక నాకు తేలింది ఇది: ఖరీదైన ఐపీస్ గ్రహాన్ని పెద్దది చేయదు. చూసేవాళ్లకు మూడు వెసులుబాట్లు ఇస్తుంది. ఎక్కువ ఆకాశం, ఎక్కువ సమయం, కంటికి సుఖం. ఆ మూడింటిలో మీ ఇంటికి ఏది అవసరమో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ముందు చిన్న లెక్క

టెలిస్కోప్ ఫోకల్ లెంగ్తును, అంటే మనం ఫిజిక్సులో చదువుకున్న నాభ్యాంతరాన్ని, ఐపీస్ నాభ్యాంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో వస్తుంది. 8 అంగుళాల డాబ్సోనియన్‌కు సాధారణంగా 1200 మి.మీ. ఉంటుంది. 10 మి.మీ. ఐపీస్ పెడితే 120 రెట్లు. ఐపీస్ ధర ఎంతైనా ఆ 120 మారదు.

మారేది ఫీల్డ్. ఐపీసులో కన్ను పెడితే కనిపించే వృత్తం వెడల్పును డిగ్రీల్లో చెబుతారు. దాన్ని 120తో భాగిస్తే ఆకాశంలో ఎంత మేర కనిపిస్తుందో సుమారుగా తెలుస్తుంది. పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ అని గుర్తుపెట్టుకుంటే పోల్చుకోవడం తేలిక. 50 డిగ్రీల మామూలు ప్లోజల్ ఐపీసులో 0.42 డిగ్రీ కనిపిస్తుంది, చంద్రుడు పూర్తిగా పట్టడు. 70 డిగ్రీలదైతే 0.58, చంద్రుడు సరిగ్గా ఇముడుతాడు. 100 డిగ్రీలదైతే 0.83, చుట్టూ ఆకాశం కూడా మిగులుతుంది.

ఫీల్డ్ అంటే సమయం

ఈ సంగతి ప్రకటనల్లో పెద్దగా కనబడదు, కానీ కుటుంబాలకు ఇదే ముఖ్యం. మామూలు డాబ్సోనియన్‌కు మోటారు ఉండదు. భూమి తిరుగుతుంది కాబట్టి ఖగోళ మధ్యరేఖ దగ్గరి వస్తువు నిమిషానికి పావు డిగ్రీ చొప్పున జరిగిపోతుంది. గ్రహాలకూ ఇంచుమించు అంతే. పైన చెప్పిన 120 రెట్ల దగ్గర శని ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి పట్టే సమయం ఇలా ఉంటుంది:

50 డిగ్రీలు: 1 నిమిషం 40 సెకన్లు
70 డిగ్రీలు: 2 నిమిషాల 20 సెకన్లు
100 డిగ్రీలు: 3 నిమిషాల 20 సెకన్లు

ఒక్కరే చూస్తే ఇది పెద్ద తేడా కాదు. మీరు శనిని మధ్యలో పెట్టి పక్కకు తప్పుకుని, ఏడేళ్ల పాప స్టూలెక్కి కన్ను ఆనించి, ఆ తర్వాత తాతగారు వంగి చూడాలంటే మాత్రం మొదటి దానిలో శని వెళ్లిపోయి ఉంటుంది. "ఏమీ కనబడట్లేదమ్మా" అన్న మాటకు చాలాసార్లు కారణం ఇదే. మోటారుతో గ్రహాన్ని వెంబడించే టెలిస్కోప్ మీకుంటే ఈ లాభం చాలావరకు అక్కర్లేదు.

కళ్లజోడు ఉన్నవాళ్ల సంగతి

ఐపీస్ పైగాజు నుంచి కన్ను ఎంత దూరంలో ఉంటే మొత్తం వృత్తం కనిపిస్తుందో ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. కళ్లజోడుతో చూడాలంటే 18 నుంచి 20 మి.మీ. కావాలి. 10 మి.మీ. ప్లోజల్‌లో అది సుమారు 7 మి.మీ. మాత్రమే.

దగ్గర సైటో దూరం సైటో మాత్రమే ఉన్నవాళ్లు అద్దాలు తీసి, ఫోకస్ తిప్పుకుంటే చాలు. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు ఫోకస్ తిప్పినా నక్షత్రం గీతలా సాగి కనిపిస్తుంది. మా అత్తగారిది ఆ పవరే. 20 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్నదానిలో ఆవిడ అద్దాలు తీయకుండానే శని వలయాన్ని చూశారు. అమ్మానాన్నలు, అత్తమామలు ఆరు నెలలకని వచ్చే ఇళ్లలో అన్నిటికంటే ముందు చూడాల్సిన అంకె ఇది.

ఆవర్ధనం పెరిగేకొద్దీ ఐపీస్ నుంచి కంటిలోకి వచ్చే కాంతిపుంజం సన్నబడుతుంది, సిలిండర్ దోషం కూడా తగ్గుతుంది. ఐపీస్ మి.మీ.ను టెలిస్కోప్ ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఆ పుంజం వెడల్పు వస్తుంది. ఎఫ్ 6 టెలిస్కోపులో 6 మి.మీ. ఐపీసుకు అది 1 మి.మీ. అంత సన్నటి పుంజంలో చాలామంది అద్దాలు లేకుండానే చూడగలరు.

పేరున్న రకాలు

టెలివ్యూ: ఆల్ నాగ్లర్ 1977లో స్థాపించిన అమెరికన్ సంస్థ. అపోలో లూనార్ మాడ్యూల్ సిమ్యులేటర్‌కు ఆప్టిక్స్ రూపొందించిన వ్యక్తి ఆయన. 82 డిగ్రీల నాగ్లర్ ఐపీస్‌తో ఈ రంగం తీరే మారిపోయింది. 2007లో 100 డిగ్రీల ఎథోస్ వచ్చింది. నాగ్లర్ టైప్ 6లో ఐ రిలీఫ్ 12 మి.మీ., ఎథోస్‌లో 15. కళ్లజోడు వాళ్లకు ఈ రెండూ ఇబ్బందే. వాళ్ల కోసం అదే కంపెనీలో 72 డిగ్రీల డెలోస్, 62 డిగ్రీల డిలైట్ ఉన్నాయి. రెండింటిలోనూ 20 మి.మీ.

పెంటాక్స్ ఎక్స్‌డబ్ల్యూ: 70 డిగ్రీలు, 20 మి.మీ. పై అంచును తిప్పితే లేస్తుంది, దిగుతుంది. అద్దాలు ఉన్నవాళ్లకు దించి, లేనివాళ్లకు లేపి ఇవ్వొచ్చు.

బాడర్ మార్ఫియస్: 76 డిగ్రీలు, ఐ రిలీఫ్ దగ్గరదగ్గర 20 మి.మీ.

ఎక్స్‌ప్లోర్ సైంటిఫిక్ 82 డిగ్రీలది: నాగ్లర్ కంటే తక్కువ ధరలో అంతే వెడల్పు. తేమ చేరకుండా లోపల వాయువు నింపి సీలు చేస్తారు.

ధరలు మారుతుంటాయి. స్థూలంగా 70 డిగ్రీల మేలురకాలు మూడు నాలుగు వందల డాలర్లు, ఎథోస్ ఆరు వందల పైమాటే. ఎథోస్‌లో కిటికీలోంచి తల బయటపెట్టినట్టు ఉంటుంది, నిజమే. కానీ అంచులు చూడాలంటే కన్ను తిప్పాలి, కన్ను సరైన చోట నిలవాలి. అలవాటు లేని చిన్నపిల్లలు 70 డిగ్రీలదానిలోనే తొందరగా కుదురుకోవడం చూశాను.

డబ్బు పెట్టినా పోనివి

ఎఫ్ సంఖ్య చూడండి. ఎఫ్ 4, ఎఫ్ 5 టెలిస్కోపుల్లో చవక వైడ్ యాంగిల్ ఐపీసుల అంచున నక్షత్రాలు సాగిపోతాయి. అక్కడ మేలురకం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎఫ్ 10 టెలిస్కోపులో ఆ తేడా చాలా తగ్గిపోతుంది, కాబట్టి అక్కడ తక్కువ ధరది కొన్నా తప్పులేదు.

అంచున నక్షత్రాలు తోకచుక్కల్లా కనిపిస్తే అది అద్దం వల్ల వచ్చే కోమా. ఎంత ఖరీదైన ఐపీస్ పెట్టినా అది పోదు. దానికి కోమా కరెక్టర్ వేరుగా కొనాలి.

గాలి నిలకడగా లేని రాత్రి శని నీళ్లలో ఉన్నట్టు కదులుతుంటే ఐపీస్ చేయగలిగిందేమీ లేదు. 8 అంగుళాలదానితో మామూలు రాత్రుల్లో 150 నుంచి 250 రెట్ల మధ్యే పని. అందుకే 3 మి.మీ. ఐపీస్ కొంటే ఎక్కువ రోజులు డబ్బాలోనే ఉంటుంది.

బరువూ చూడాలి. 31 మి.మీ. నాగ్లర్ దాదాపు కిలో. అది పెడితే డాబ్సోనియన్ ముక్కు కిందికి వాలుతుంది.

వాడకం, సెకండ్‌హ్యాండ్

మంచి ఐపీస్ టెలిస్కోప్ మారినా పనికొస్తుంది, సెకండ్‌హ్యాండ్‌లోనూ విలువ అంతగా పడిపోదు. పాతది కొనేటప్పుడు టార్చి వేసి రెండు వైపుల నుంచీ చూడండి. గీతలు, లోపల సాలెగూడులాంటి బూజు ఉంటే వద్దు. మలేషియా, మారిషస్ లాంటి తేమ ఊళ్లలో సిలికా జెల్‌తో మూసిన డబ్బాలో పెట్టుకోవాలి. గల్ఫ్‌లో ఇసుక ధూళిని ముందు బ్లోయర్‌తో ఊదాలి, రుద్దితే పూత గీసుకుపోతుంది. చున్నీ, చీర కొంగు అసలు వద్దు. కాటుక, మస్కారా మరకలను లెన్స్ టిష్యూతో, లెన్స్ క్లీనర్ చుక్కతో మెల్లగా తీయాలి. ఐపీసుకు బిగించే సన్ ఫిల్టర్ ఎక్కడైనా దొరికితే పారేయండి. వేడికి పగిలిందంటే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూసే ఫిల్టర్ టెలిస్కోప్ ముందు వైపే ఉండాలి.

ఏది కొనాలి?

1200 మి.మీ. డాబ్సోనియన్ ఉన్న ఇంటికి నా సలహా: డబ్బాతో వచ్చిన 25 మి.మీ. ఐపీసును అలాగే ఉంచండి. మూడు కొత్తవి ఒకేసారి కొనొద్దు. 70 డిగ్రీలు, 20 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్న 7 మి.మీ. లేదా 10 మి.మీ. ఒకటే కొనండి. 7తో 171 రెట్లు, గ్రహాలకు బాగుంటుంది. 10తో చంద్రుడు పూర్తిగా పడతాడు, పిల్లలకు వెతుక్కోవడం సులువు. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి చూసే ఇల్లయితే 10 వైపే మొగ్గండి. కొనేముందు మీ ఊరి క్లబ్బులో ఒక రాత్రి అడిగి, ఇంట్లో కళ్లజోడు ఉన్నవాళ్ల చేత చూపించండి. వాళ్లకు వృత్తం అంచు వరకూ కనిపిస్తే ఆ ఐపీస్ మీ ఇంట్లో అందరికీ పనికొస్తుంది.