పీఎస్‌యుటిల్

పీఎస్‌యుటిల్ ఒక పైథాన్ లైబ్రరీ. ప్రాసెసర్ మీద భారం ఎంత, మెమరీ ఎంత మిగిలింది, డిస్కు ఎంత నిండింది, ఏ ప్రాసెస్ ఎంత వాడుకుంటున్నది అన్న లెక్కలను ఇది ప్రోగ్రాములకు అందిస్తుంది. ఇటలీకి చెందిన జంపావొలో రోడొలా రాసిన ఈ లైబ్రరీ 2009లో తొలిసారి విడుదలైంది. బీఎస్‌డీ లైసెన్సు కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఈ లెక్కలను ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో చోట పెడుతుంది. లినక్స్‌లో 'ప్రాక్' అనే డైరెక్టరీలోని ఫైళ్లు చదవాలి. విండోస్‌లో ఆ సిస్టమ్ ఇచ్చిన ఫంక్షన్లను పిలవాలి. మ్యాక్‌ఓఎస్ దారి మళ్లీ వేరు. ఆ తేడాలన్నీ పీఎస్‌యుటిల్ తన లోపలే సర్దుకుంటుంది కాబట్టి, మనం రాసిన ఒకే కోడ్ చాలావరకు అన్నిటి మీదా నడుస్తుంది. దీని గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

అయితే వచ్చిన అంకెను చదవడం తెలియాలి. ప్రాసెసర్ వాడకం శాతాన్ని విరామం ఇవ్వకుండా మొదటిసారి అడిగితే 0.0 వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కరెంటు మీటరును ఒక్కసారి చూస్తే నెల వాడకం తెలియదు కదా, రెండు రీడింగుల తేడా కావాలి. ఇక్కడా అంతే. రెండు కొలతల మధ్య కనీసం 0.1 సెకను ఎడం ఉండాలి.

ప్రాసెస్ నంబరుతో మరో చిక్కు ఉంది. కరీంనగర్ నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో పెద్దపల్లి దగ్గర ఒకరు దిగితే అదే సీట్లో ఇంకొకరు కూర్చుంటారు. అలాగే ముగిసిన ప్రాసెస్ నంబరు తర్వాత మరోదానికి దక్కవచ్చు. అందుకే పీఎస్‌యుటిల్ నంబరుతోపాటు ప్రాసెస్ పుట్టిన సమయాన్నీ గుర్తుపెట్టుకుని, ఆపే ముందు సరిచూస్తుంది. ఈ జాగ్రత్త లేకపోతే ఏ పాపం ఎరుగని ప్రోగ్రాము ఆగిపోతుంది.

తెరమీద వనరుల వాడకం చూపే గ్లాన్సెస్ పనిముట్టు పీఎస్‌యుటిల్ మీదే ఆధారపడింది.

పాత ఆదిలాబాద్ జిల్లాలోని బాసరలో 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థులకు పీఎస్‌యుటిల్ చక్కటి ప్రయోగశాల. ఉదాహరణకు, లినక్స్‌లో ఖాళీ మెమరీ తక్కువగా కనబడితే కంగారు పడనక్కర్లేదు. మిగిలినదాన్ని సిస్టమ్ ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది, అవసరమైతే తిరిగి ఇస్తుంది. చూడాల్సింది 'అవైలబుల్' అన్న అంకె. నాలుగైదు వరుసల కోడ్‌తో దాన్ని సెకనుకోసారి ముద్రిస్తూ, పక్కనే బ్రౌజర్‌లో ట్యాబులు ఒక్కొక్కటే తెరుస్తూ పోతే, ఆ అంకె కళ్లముందే దిగుతుంది.