రెండు డాలర్ల చరిత్ర

కిందటి మార్చిలో కాల్గరీలో ఒక పాత సామాన్ల కొట్లో రెండు డాలర్లకు గ్రామఫోను రికార్డొకటి కొన్నాను. "ఇంట్లో ఉన్న చెత్త చాలలేదా?" అంది మా ఆవిడ.

అట్ట నలిగిపోయింది. దాని మీద ఇయన్, సిల్వియా అన్న పేర్లు, 'ఫోర్ స్ట్రాంగ్ విండ్స్' అన్న శీర్షిక. అరవయ్యవ దశకం నాటిది.

ఈ కథకు మన ఊరితో సంబంధం ఉంది. ఇయన్ టైసన్ 1933లో విక్టోరియాలో పుట్టారు. కుర్రతనంలో రోడియోల్లో గుర్రాలెక్కేవారు. ఒకసారి కింద పడి, కాల్గరీ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే గిటారు పట్టారట. తరవాత టొరంటో చేరి, సిల్వియా ఫ్రికర్‌తో జంటగా జానపదాలు పాడారు. 1962లో న్యూయార్కులో ఉండగా ఈ పాట కట్టారు. పని కోసం అల్బర్టా వెళ్తున్న మనిషి తన చెలికి చెప్పుకునే మాటలవి. కుదిరితే పిలిపించుకుంటానంటాడు. ఆమె రాదేమోనని అతనికీ అనుమానమే. 2005లో సీబీసీ రేడియో శ్రోతలు కెనడా పాటలన్నిటిలో దీనికే మొదటి స్థానం ఇచ్చారు.

ఆ 1962లోనే కెనడా తన వలస నిబంధనల్లోంచి జాతి వివక్షను చాలావరకు తొలగించింది. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చింది. చదువుకూ పనితనానికీ విలువ కట్టిన ఆ తలుపులోంచే మనవాళ్ళు ఎందరో లోపలికొచ్చారు. అంటే, ఆ పాటా మన దారీ ఒక్క ఏడాదే మొదలయ్యాయన్నమాట.

నేను 1979లో వచ్చాను. కాకినాడ స్టేషన్లో అమ్మతో, "ఇల్లు కుదరగానే టిక్కెట్టు పంపుతానే" అన్నాను. ఇల్లు కుదరడానికి ఆరేళ్ళు పట్టింది. అప్పటికి అమ్మకు మోకాళ్ళ నొప్పులు. "ఆ మంచులో నేనేం చేస్తాన్రా, నువ్వే వస్తూ ఉండు" అని రాసింది. 1991లో పోయింది. నేనిచ్చిన మాట అలాగే ఉండిపోయింది.

రికార్డు పెట్టి విన్నాను. మిగతా పాటలు శుభ్రంగానే ఉన్నాయి. ఈ పాట దగ్గర మాత్రం గీతలు, చిటపటలు. ఆ ఇంట్లో ఎవరో దీన్నే మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నారు. ఎవరిని వదిలి వచ్చారో! చరిత్ర పుస్తకాల్లో వలసల అంకెలు ఉంటాయి. ముల్లు అరగదీసిన ఈ గీతలు ఉండవు.

టైసన్ 2022 డిసెంబరు 29న, కాల్గరీకి దక్షిణాన లాంగ్‌వ్యూ దగ్గర తన పశువుల క్షేత్రంలోనే కన్నుమూశారు.

ఇప్పుడా రికార్డు మా అలమరలో, వింజమూరి సీత అనసూయల జానపదాల పక్కన ఉంది. మొన్న మా ఆవిడే, "ఆ గీతల పాట ఇంకోసారి పెట్టండి" అంది.