అమెచ్యూర్ గీత దాటిన లెంగ్లెన్

ఫ్రాన్సుకు చెందిన సుజాన్ లెంగ్లెన్ 1919 వింబుల్డన్ ఛాలెంజ్ రౌండులో, అంటే పూర్వ విజేత నేరుగా బరిలోకి దిగే తుదిపోరులో, రెండు మ్యాచ్ పాయింట్ల గండాన్ని, అందులో ఒకదాన్ని రాకెట్ చెక్కచట్రానికి తగిలి ఎలాగో నెట్ దాటిన బంతి పుణ్యమా అని గట్టెక్కి, డొరోథియా లాంబర్ట్ ఛాంబర్స్‌ను 10-8, 4-6, 9-7తో ఓడించింది. 1925 నాటికి ఆ సింగిల్స్ టైటిల్ ఆరుసార్లు ఆమెదే అయింది. అయితే నాటి ప్రధాన పోటీలు అమెచ్యూర్లకే, అనగా ఆటకు పారితోషికం పుచ్చుకోనివారికే, పరిమితం కాబట్టి, గ్యాలరీలు ఆమె పేరుతో నిండినా టికెట్ల సొమ్ములో ఆమెకు వాటా దక్కేది కాదు. 1926లో అమెరికన్ వ్యాపారి సి. సి. పైల్‌తో ఒప్పందం కుదుర్చుకొని, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మేరీ బ్రౌన్‌పై ఆడి ఆమె వృత్తి పర్యటన ఆరంభించడాన్ని దురాశగా చూడటం అన్యాయమే. దాంతో అమెచ్యూర్ పోటీల తలుపులు ఆమెకు మూసుకుపోయాయి. వింబుల్డన్ ఛాంపియన్‌షిప్‌లోకి వృత్తి క్రీడాకారులకు ప్రవేశం 1968లో గానీ లభించలేదు.