ముగ్గురు అక్కచెల్లెళ్ల పంట: స్త్రీల సేద్య జ్ఞానం

పెరటి తోటలో ఒక మొక్కకు మరొక మొక్కను తోడుగా నాటే పద్ధతిని వివరించేవారు ఉత్తర అమెరికా మూలవాసుల ‘ముగ్గురు అక్కచెల్లెళ్ల’ పంటను తరచుగా ఉదహరిస్తారు. మొక్కజొన్న నిట్టాడులా నిలుస్తుంది. చిక్కుడు తీగ దానికి అల్లుకుంటుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమను కాపాడతాయి, కలుపును అణచుతాయి. ఇక్కడ చిక్కుడంటే తెలుగువారి పందిరి చిక్కుడు కాదు, నేడు బీన్స్ అని పిలిచే జాతి. గుమ్మడి కూడా బూడిద గుమ్మడి కాదు. ఈ వర్ణనలో అసత్యం లేదు గాని, పంటను చూపుతూ పండించిన స్త్రీలను అది మరుగుపరుస్తుంది.

ఈ పేరు ప్రధానంగా ఇరొక్వా అని వ్యవహరించే హోడెనోషోని జాతులది. వారి సమాజంలో నాట్లు, కలుపు, కోత స్త్రీల చేతిలో ఉండేవి. మట్టిని కుప్పలుగా ఎగదోసి, వాటిలో మొక్కజొన్నతోపాటు చిక్కుడును, గుమ్మడిని పెంచేవారు. సెనెకా వంశానికి చెందిన ఆర్థర్ పార్కర్ 1910లో ప్రచురించిన గ్రంథం ఈ సేద్యానికి ముఖ్యమైన ఆధారం. ఆ పంటపొలాల విలువను శత్రువు కూడా గుర్తించాడు. 1779లో జార్జ్ వాషింగ్టన్ ఆదేశం మేరకు జనరల్ సలివాన్ సైన్యం దాదాపు 40 గ్రామాలను తగులబెట్టడమే కాక, చేతికి రానున్న పైరును, నిల్వ ధాన్యాన్ని పనిగట్టుకొని నాశనం చేసింది.

మిస్సోరీ నదీతీరపు హిడాట్సాల పద్ధతి కొంత వేరు. బఫెలో బర్డ్ ఉమన్ అనే హిడాట్సా వృద్ధురాలు చెప్పగా గిల్బర్ట్ విల్సన్ నమోదు చేసిన సేద్య వివరాలు 1917లో వెలువడ్డాయి. వాటి ప్రకారం చిక్కుడు సాధారణంగా మొక్కజొన్న కుప్పలో కాకుండా, వరుసల నడుమ విడి కుప్పలలో పెరిగేది. పొలం అంచున పొద్దుతిరుగుడు ఉండేది. కనుక ‘ఒకే గుంటలో మూడు విత్తులు’ అనే నేటి సూత్రాన్ని ఆ ఖండమంతటికీ వర్తింపజేయడం సరికాదు.

చిక్కుడు నత్రజనిని మొక్కజొన్నకు వెంటనే పంచిపెడుతుందనే ప్రచారం కూడా అతిశయమే. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలి నుంచి గ్రహించే నత్రజనిలో అధికభాగం చిక్కుడుకే చెందుతుంది. పక్క పంటకు మేలు ప్రధానంగా ఆకులు, వేళ్లు కుళ్లిన తరువాతే. హిడాట్సా స్త్రీలు ఏటా పాత కుప్పలలోనే మళ్లీ మొక్కజొన్న విత్తేవారన్న సమాచారాన్ని ఈ దృష్టితో చదవాలి.

వారు అన్నింటినీ కలిపి నాటినవారు కూడా కారు. చిక్కుడును మొక్కజొన్న చెంతకు చేర్చిన ఆ స్త్రీలే, గింజలు సంకరం కాకుండా మొక్కజొన్న రకాలను ఒకదానికొకటి దూరంగా విత్తారు.